గుంటగలగర మడి

బడిలో అన్నం గంట కొట్టేసరికి మడిలోని మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడిపోయాయి. గురవమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొక్కను మెల్లగా నిలబెట్టింది. చెయ్యి తీయగానే అది మళ్ళీ వాలిపోయింది.

అది గుంటగలగర. చామంతికి దూరపు చుట్టం. నూకగింజలంత రేకులతో తెల్లని చిన్న పూలు పూస్తుంది. మిరపచేలో కనిపిస్తే కలుపు అని పీకి పారేస్తారు. బడిలో మాత్రం దాని మర్యాద వేరు. ఆకును అరచేతిలో నలిపితే పచ్చని రసం వస్తుంది. చూస్తూ ఉండగానే ఆ పచ్చన నీలమవుతుంది, ఆ నీలం నలుపవుతుంది. ఆ రసంలో బొగ్గుపొడి కలిపి రుద్దితే, వెలిసిపోయిన నల్లబల్ల నిగనిగలాడుతుంది.

అయిదో తరగతిలో ఆకు తెచ్చే పని గురవమ్మది. బోరింగు నీళ్ళు పారే కాలవ బురదలో ఆ మొక్కలు ఎవరూ నాటకుండానే పెరిగేవి. మిరప పండించే అంకమ్మరావు కూతురు కదా, ఆమెకు ఆ బురద సేద్యం నచ్చలేదు. శుక్రవారం సాయంత్రం ఒక్కటి కూడా మిగల్చకుండా మొక్కలన్నీ పీకింది. గోడ పక్కన ఎత్తుగా మడి కట్టి, వరుసగా నాటింది. ఇంటి నుంచి యూరియా తెచ్చి మొక్కకో గుప్పెడు వేసింది.

"మా నాన్న మిరపకి వేస్తే నాలుగు రోజుల్లో నల్లగా ఎదుగుద్ది. దీని సంగతి చూడండి" అని అందరికీ చెప్పింది కూడా.

ఇప్పుడు సోమవారం. మడి సంగతి అందరికంటే ముందు ఆమె స్నేహితురాలు జహీరున్నీసా చూసింది.

"అన్నీ చచ్చిపోయినయ్యా?"

గురవమ్మ తలూపింది.

"మరి బల్ల ఎట్టాగే? పొద్దున చూశావుగా. ఎనిమిది నాకు మూడులాగా కనపడింది. అందరూ నవ్వారు."

జహీరున్నీసాకు దూరం చూపు సరిగ్గా ఆనదు. ఆ సంగతి గురవమ్మ ఒక్కదానికే తెలుసు. 'గుడ్డిది అంటారు, ఎవరికీ చెప్పకే' అని ఒట్టు వేయించుకుంది. బల్ల నల్లగా ఉన్నంతకాలం కళ్ళు చిట్లించుకుని ఎలాగో నెట్టుకొచ్చింది.

"పరీక్షలో ప్రశ్నలు బల్ల మీదే రాస్తారు. నా నంబరు చివరిది, వెనక బెంచీ" అంది జహీరున్నీసా. "ఈసారి తప్పితే బడి చాలంది మా అమ్మ. మిరపకాయల తొడిమలు తీసే పనికి రమ్మంది."

పరీక్షలు పద్దెనిమిది రోజుల్లోకి వచ్చాయి.

మధ్యాహ్నం సంజీవరావు మాస్టారు బల్ల తుడిచి, తెల్లబడిన చెక్కను వేలితో తట్టారు.

"ఆకేదమ్మా గురవమ్మా?"

"గేదెలు తొక్కేసినయ్యండీ."

అనుకోకుండానే మాట జారింది. మాస్టారు నమ్మారు. "పోనీలేమ్మా" అన్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

సాయంత్రం బడి ఊడ్వడానికి ఎలీసమ్మ వచ్చింది. పొద్దున పూట ఆమె చేలో కలుపు తీస్తుంది. మడి చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఎవురిదే ఈ సేద్యం?"

"నాదే మామ్మా. బాగా పెరగాలని యూరియా వేశా."

ఎలీసమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నలభై ఏళ్ళ బట్టి దీన్ని పీకి పీకి నా నడుం పడిపోయింది గానీ, నేను దీన్ని చంపలేకపోయా. నువ్వు మూడు రోజుల్లో చంపావు తల్లీ."

గురవమ్మ కళ్ళలో నీళ్ళు చూసి ఆమె నవ్వు ఆగింది. మొక్కల మధ్య చెయ్యి పెట్టి వెదికింది.

"ఇదుగో, ఈ కొమ్మలో పచ్చి ఉంది. గట్టున పారేసినా సరే, తడి తగిలితే కణుపు కణుపుకీ వేరేసుద్ది. దానికి బువ్వ పెట్టబాక. దాని బురద దానికియ్యి."

వెదకగా ఏడు పచ్చికొమ్మలు దొరికాయి. ఇద్దరూ వాటిని కాలవ బురదలో పడుకోబెట్టి, మీద కాస్త మన్ను నొక్కారు.

నాలుగో రోజున కణుపుల దగ్గర తెల్లని దారాల్లాంటి వేళ్ళు కనిపించాయి. వారానికి చిగురు లేచింది. కొమ్మకు కొమ్మ తొడిగి, నేల మీద పాకి, పాకిన చోటల్లా పాతుకుంది. ఇంత సన్నని కాడకు ఇంత పంతమా అని గురవమ్మ రోజూ ఆశ్చర్యపోయేది. ఏమీ వేయకుండా, ఏమీ కదపకుండా, చూస్తూ కూర్చునేది.

పరీక్షకు ముందు రోజు ఆకు కోస్తుంటే అదే తరగతి జోసఫ్ వచ్చాడు.

"చివర్లు తుంచుతావేందే? మొదలంటా పీకు. బల్ల మొత్తానికి వస్తది."

"వద్దురా. మొక్క బతకాలి."

ఆకు సగం బల్లకే వచ్చింది. ఎడమవైపు కాటుకలా నలుపు. కుడివైపు పాత తెలుపు. చేతులు కూడా కడుక్కోకుండా గురవమ్మ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"గేదెలు తొక్కలేదండీ. నేనే పీకి, యూరియా వేసి మాడ్చేశాను. మీతో అబద్ధం చెప్పాను."

మాస్టారు కలం మూసి ఆమె వైపు తిరిగారు.

"సగం బల్లే నల్లగా అయిందండీ. ప్రశ్నలన్నీ ఆ సగంలోనే రాస్తారాండీ?"

"రెండో సగంలోనూ కనపడతాయి కదమ్మా?"

ఒట్టు ఒట్టే. కానీ గురవమ్మ కళ్ళు మాత్రం చివరి బెంచీ దాకా వెళ్ళివచ్చాయి. మాస్టారు కూడా ఆ బెంచీ వైపు చూశారు.

మర్నాడు పరీక్షలో ఆయన నల్లని సగంలోనే రాశారు. రోజూ రాసేదానికి రెండింతల పెద్ద అక్షరాలు. ఒకసారికి మూడు ప్రశ్నలే పట్టాయి. అందరూ ఎక్కించుకున్నాక తుడిచి, మరో మూడు రాశారు.

పరీక్షలో వెనక్కి తిరగకూడదు. గురవమ్మ తిరగలేదు. మొదటి లెక్క మొదలుపెట్టబోతూ, కలం ఎత్తిపట్టి, ఒక్క క్షణం చెవి ఒగ్గింది.

వెనక బెంచీలో కాగితం మీద కలం నడుస్తోంది. ఎక్కడా ఆగకుండా, గబగబా నడుస్తోంది.