జేబులో చెవులు

"ఇది కూస్తది. మాట వినిపించదు గానీ, కూత మాత్రం నెల్లూరంతా వినిపిస్తది" అంటూ హెబ్రోను చెవిలోది పీకి గాజు కౌంటరు మీద పెట్టాడు.

కౌంటరు వెనకున్న అమ్మాయి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"ఇది మా షాపులో కొన్నది కాదండీ."

"తెలుసు. ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొచ్చింది. తొమ్మిదొందలు. రిపేరు చెయ్యండి."

"ఇది రిపేరయ్యేది కాదు. అసలు చెవి మిషనే కాదు. ఉన్న చప్పుళ్ళన్నీ కలిపేసి పెంచే డబ్బా."

"నేను మెకానిక్కుని. రిపేరు కానిదంటూ ఉండదు."

"అయితే మీరే చేసుకోండి" అని ఆ అమ్మాయి డబ్బాని అతని వైపు జరిపింది.

పక్కన బిల్లులు రాసుకుంటున్న మెర్లిన్ కిసుక్కున నవ్వింది. హెబ్రోనుకి ఆ నవ్వు వినపడలేదు, కనపడింది.

అతనికి ముప్పై మూడేళ్ళు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, అప్పట్నుంచీ మైపాడు దగ్గర రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు, జనరేటర్లు బాగుచేస్తున్నాడు. ఇంజనుకొచ్చిన జబ్బేమిటో తెలుసుకోవాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించుకుంటాడు. బేరింగు పోయిందో, వాల్వు కొడుతోందో క్షణంలో చెప్పేస్తాడు. అందుకే తన చెవులు పోయాయంటే చాలాకాలం ఒప్పుకోలేదు. ఇంజన్లు బాగానే మాట్లాడుతున్నాయి, మనుషులే నోట్లో గొణుక్కుంటున్నారు అనుకున్నాడు. గొణిగినవాళ్ళందరికీ నవ్వి తల ఊపడం అలవాటు చేసుకున్నాడు. తల ఊపితే ఎవరూ మళ్ళీ అడగరు.

ఆ అమ్మాయి పేరు షారన్. ఇరవై ఎనిమిదేళ్ళు. నెల్లూరు పొగతోట బజార్లో మెట్లెక్కి పోవాల్సిన ఆ చిన్న షాపులో వినికిడి పరీక్షలు చేస్తుంది.

"కూర్చోండి, టెస్టు చేస్తా" అంది.

"నాకు చెవుడు లేదు. కొంచెం మందం, అంతే."

"ఆ కొంచెం ఎంతో చూద్దాం."

అరగంట తర్వాత కాగితం మీద గీతలు చూపించింది. "మోత వినిపిస్తది మీకు. మాటలో ఉండే సన్నటి శబ్దాలు పోయినాయి. పిట్టలు, చంటిబిడ్డలు, ఆడవాళ్ళ గొంతులు."

"ఆడోళ్ళ గొంతులు పోతే మంచిదేగా."

"మీకు పెళ్ళయిందా?"

"కాలేదు."

"అందుకే ఇంత ధైర్యంగా అంటున్నారు."

మిషన్ల ధర దగ్గరికొచ్చేసరికి ఆ ధైర్యం పోయింది. అద్దాల అలమరలో ముందు వరసలో ఉన్నదాన్ని చూపించి ఎంత అని అడిగాడు. నలభై ఐదు వేలంది మెర్లిన్. రెండింటికా అంటే, ఒక్కదానికంది. హెబ్రోను లేచి, దణ్ణం పెట్టి, మెట్లు దిగిపోయాడు.

నెల్లూరు వానకి కబురుండదు. వీధిలోకొచ్చేసరికి చినుకులు మొదలై, నాలుగు అడుగులేసేలోపు కుండపోత అయింది. వెనకనుంచి ఎవరో చొక్కా చెయ్యి పట్టి గుంజారు. చూస్తే షారన్. గొడుగు లేదు. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"పదిసార్లు పిలిచినా" అంది రొప్పుతూ.

"వినపడలా."

"వినపడదని కాగితం మీద రాసిచ్చింది నేనే. అయినా పిలుస్తున్నా చూడండి, నాదీ బుద్ధే." మందుల షాపు చూరు కిందకి లాక్కుపోయింది. అతని ఎదురుగా నిలబడి, ముఖం సూటిగా చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "తక్కువలో ఉంది. పేరున్న కంపెనీ కాదు. ఫోనుకి కనెక్ట్ అవదు. రంగు కూడా బాగోదు. కానీ మీ చెవికెంత కావాలో అంతే పెట్టి ఇస్తా. ఒక్కోటి ఐదున్నర వేలు."

"ఇది ముందే చెప్పొచ్చుగా."

"మీరు కూర్చుంటే గదా చెప్పేది. ధర వినంగానే లేచి పరిగెత్తినారు. మొత్తం మీద సరిగ్గా విన్నది అదొక్కటే."

హెబ్రోను నవ్వాడు. అలవాటుగా నవ్వే నవ్వు కాదు. ఆ నవ్వు ఎక్కడిదో అతనికే తెలియలేదు.

మరుసటి వారం డబ్బు కూడగట్టుకుని వచ్చి, రెండు చెవులకీ పెట్టించుకున్నాడు. ఆ రోజూ వానే. కిటికీ రేకు మీద చినుకులు ఒక్కోటి విడివిడిగా పడుతున్నాయి. వాన అంటే గుయ్యిమనే ఒకే మోత అనుకుంటూ బతికినవాడు అలాగే కూర్చుండిపోయాడు.

"ఏం వినిపిస్తోంది?" అంది షారన్.

"నీ గాజులు" అన్నాడు. అనేశాక చెవులు ఎర్రబడ్డాయి, మిషన్లతో సహా.

పదిహేను రోజులకోసారి రావాలి, సెట్టింగు సరిచూడాలి అంది. అతను వారానికోసారి వచ్చాడు. ఒకసారి గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోందన్నాడు. ఇంకోసారి కాకులు మరీ దగ్గరగా ఉన్నాయన్నాడు. ఆ పై వారం చెప్పడానికి ఏమీ దొరక్క, బాగానే ఉందని చెప్పడానికొచ్చానన్నాడు. మెర్లిన్ బిల్లు పుస్తకం వెనక ముఖం దాచుకుంది.

షారన్ అతనికి రెండు సంగతులు నూరిపోసింది. వినపడకపోతే తల ఊపకూడదు, మళ్ళీ చెప్పమని అడగాలి. పొద్దున పెట్టుకున్న మిషన్లు పడుకునేటప్పుడే తీయాలి.

"ఆదివారం మా చర్చికి రా" అంది ఒకసారి. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "పాస్టరు గారి ప్రసంగం విని, సోమవారం నాకు ఫోన్లో చెప్పు. అదే నీకు ప్రాక్టీసు."

వెళ్ళాడు. సోమవారం చెప్పాడు కూడా. తప్పిపోయిన గొర్రె గురించి చక్కగా చెప్పాడు. కాకపోతే గోడ మీది నల్లబల్లపై రాసిన బైబిలు వచనం చూసి, చిన్నప్పుడు విన్నది కలిపి చెప్పాడు. ప్రసంగం సాగినంతసేపూ మిషన్లు జేబులోనే ఉన్నాయి.

పిసినారితనమనలేం దాన్ని. గుంటల మీద బతికేవాళ్ళ పద్ధతే అది. నీళ్ళలో గాలి తగ్గినప్పుడే ఏరియేటరు వేయాలి, అక్కర తీరగానే ఆపేయాలి. ఊరికే తిరిగే ఇంజను డీజిలు తాగుతుంది. చెవి మిషన్లకీ అదే లెక్క వేశాడు హెబ్రోను. పప్పుగింజంత బ్యాటరీ, స్టిక్కరు పీకి వేస్తే వారం పది రోజులకి అయిపోతుంది. పనిలో, బజార్లో పెట్టుకుంటే చాలదా? చర్చిలో దేవుడికి తన సంగతి తెలుసు. ఇక షారన్ దగ్గరంటావా, ఆమె ఎప్పుడూ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. పెదాలు చూస్తే చాలు, సగం అర్థమయ్యేది. మిగతా సగం ఆమె ముఖం చూస్తూ గడిపేవాడు. ఆ ముఖం చూస్తున్నంతసేపూ లోటేమీ తెలిసేది కాదు.

మనసులో మాట చెప్పాలనుకున్నాడు. చెవిటి మెకానిక్కుకి పిల్లనెవరిస్తారని ఆగాడు. తర్వాత చెప్దాంలే అనుకున్నాడు. ఎన్నో ఇంజన్లని బతికించినవాడికి, ఆలస్యమైతే ఏదైనా చస్తుందని ఒకరు చెప్పాలా?

ఒక సెలవు రోజు షారన్, మెర్లిన్ మైపాడు వచ్చారు. మెర్లిన్ సముద్రంలో కాళ్ళు తడుపుకుంటానని ఇసకలోకి పోయింది. షారన్ని గుంటలు చూపించడానికి కట్ట మీదికి తీసుకుపోయాడు హెబ్రోను. ఉప్పుగాలికి పాడవుతాయని మిషన్లు జేబులో వేసుకున్నాడు. చెవుల మీదికి జుట్టు పెంచాడేమో, లేవన్న సంగతి ఆమెకి తెలియలేదు.

ఏరియేటర్ల చక్రాలు నీళ్ళని చిమ్ముతున్నాయి. షారన్ చాలాసేపు వాటినే చూసింది. ముఖం చూపించి మాట్లాడాలని ఊరందరికీ నేర్పే మనిషి, ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం సిగ్గుపడి సముద్రం వైపు తిరిగింది.

"మా ఇంట్లో సంబంధం చూసినారు. గూడూరు. కిషోర్ బాబని, రైల్వేలో పని. నాకేం తొందర లేదు. నీ మనసులో ఏమన్నా ఉంటే ఇప్పుడు చెప్పు, ఇంట్లో నేను మాట్లాడుకుంటా. లేదంటే సరే అంటా."

హెబ్రోనుకి ఆమె జడ కనపడింది, గాలికి ఎగిరే పైట కనపడింది. ఆమె ఇటు తిరిగేసరికి పెదాలు ఆగిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం ఏదో అడుగుతున్నాయి. మళ్ళీ చెప్పమంటే, మిషన్లేవి అంటుంది. జేబులో ఉన్నాయంటే తిడుతుంది. ఇంత మంచి పూట తిట్లెందుకని, నవ్వి తల ఊపాడు.

"అట్నే కానీ" అన్నాడు.

షారన్ కాసేపు అతన్నే చూసి, "పోదాం పద, బస్సు టైమయింది" అంది.

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. అందులో రెండు చదివేశారు. వధువు ఫలానా, వరుడు ఫలానా, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను. చివరి బెంచీలో, ఫ్యాను కింద, హెబ్రోను అందరితోపాటు పెదాలు కదిపి ఆమెన్ అన్నాడు. ముందు వరసలోంచి షారన్ రెండుసార్లూ వెనక్కి తిరిగి చూసింది. తనని చూసినందుకు ఆ రెండుసార్లూ అతను పొంగిపోయాడు.

శనివారం బ్యాటరీలు కొనడానికి షాపుకొస్తే మెర్లిన్ ఎప్పటిలా నవ్వలేదు.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చినావన్నా?"

"ఏమైంది మెర్లిన్?"

"రేపు షారన్ది మూడో ప్రకటన. పై గురువారం పెళ్ళి. నీ ముందరే చదివితే ఆమెన్ అన్నావంట గదా."

హెబ్రోను చెవులు తడుముకున్నాడు. మిషన్లు చెవుల్లోనే ఉన్నాయి. అయినా మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది.

"చర్చిలో మిషన్లు తీసేస్తాను మెర్లిన్. బ్యాటరీ మిగులుద్దని."

మెర్లిన్ బ్యాటరీల అట్ట తీసి అతని ముందు పెట్టింది. "స్టిక్కరు పీకినాక వాడకపోయినా అది అయిపోతానే ఉంటదన్నా. నువ్వు మిగిల్చింది ఏమంత లేదు" అని, "లోపలే ఉంది, ఫైళ్ళు అప్పజెప్తోంది. పో" అంది.

షారన్ పరీక్ష గదిలో ఉంది. అతను గుమ్మంలో నిలబడి అంతా చెప్పాడు. కట్ట మీద జేబులో ఉన్న సంగతి, నల్లబల్ల సంగతి, ఆమెన్ సంగతి. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

"అడగొచ్చుగా. మళ్ళీ చెప్పమని అడిగితే ఏం పోయేది?"

"ఎవుర్నైనా అడిగేవాణ్ణి. నీ దగ్గరే సిగ్గేసింది."

"విని ఉంటే ఏమనేవాడివి?"

"వద్దనేవాణ్ణి. నేనుండంగా గూడూరెందుకనేవాణ్ణి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఫైలు తెరిచింది, మూసింది.

"కిషోర్ బాబు ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని అడిగినాడు, ఇష్టమేనా అని. జవాబు చెప్పిందాకా వేరే మాటెత్తలేదు. ఇష్టమే అని చెప్పినా. అబద్ధం చెప్పలా హెబ్రోనూ. ఆ రోజుకి అది నిజమే. నేను ముఖం తిప్పుకున్నా, నువ్వు చెవులు జేబులో పెట్టుకున్నావు. సూటిగా అడిగిన మనిషికి ఇచ్చిన మాట ఇప్పుడెట్టా వెనక్కి తీసుకునేది?"

"తీసుకోమని అడగడానికి రాలేదు" అన్నాడు. అందుకే వచ్చాడు. ఆమె ముఖం చూశాక ఆ మాట నోటికి రాలేదు.

ఆదివారం మొదటి బస్సుకే వెళ్ళి రెండో బెంచీలో కూర్చున్నాడు. పాస్టరు గారు మూడో ప్రకటన చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అన్నట్టు తల ఎత్తి ఆగారు. ఫ్యాను టకటకమంటోంది. దాని బేరింగు పోవడానికొచ్చిందని తెలుస్తోంది. ఎవరి ఒళ్ళోనో చంటిబిడ్డ గునుస్తోంది. షారన్ ఈసారి వెనక్కి తిరగలేదు. హెబ్రోను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, లేవకుండా కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక ఆవరణలో ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. తెల్లచొక్కా, మంచి ముఖం.

"హెబ్రోను అన్న మీరేనా? నేను కిషోర్ బాబుని. అమ్మేవాళ్ళని కాదు, వాడేవాళ్ళని అడగమని మెర్లిన్ మీ పేరు చెప్పింది. మా అమ్మకి చెవులు బాగా తగ్గినాయి. గూడూరులో నలభై వేలు చెప్పినారు. తక్కువలో మంచివి రావా అన్నా?"

హెబ్రోను అతన్ని కోపంగా చూద్దామనుకున్నాడు, కుదరలేదు.

"వస్తాయి. ఐదున్నర వేలవి నేను వాడతన్నా" అని, ఒక మిషను తీసి అతని అరచేతిలో పెట్టాడు. "ఫోన్లో చూసి కొనమాకండి. అమ్మని తీసుకొచ్చి, టెస్టు చేయించినాకే కొనాలి. రెండు చెవులకీ పెట్టించండి. మొదట్లో గిన్నెల మోతకి తలనొప్పి అంటాది, తీసి పారేస్తానంటాది. తీయనీయమాకండి."

"ఎన్ని గంటలు పెట్టుకోవాలి రోజుకి?"

"మెలకువగా ఉన్నంతసేపు. బ్యాటరీ గురించి చూసుకోవద్దని చెప్పండి. చర్చిలో గానీ, ఇంట్లో గానీ, ఎవురితో ఉన్నా గానీ."

కిషోర్ బాబు శ్రద్ధగా విని, మిషను జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. హెబ్రోను దాన్ని చెవికి పెట్టుకుంటుండగా షారన్ వచ్చి పక్కన నిలబడింది. అతను పెట్టుకోవడం అయ్యేదాకా ఆగింది. ముఖం సూటిగా అతని వైపు పెట్టి, మెల్లగా అంది.

"టీ ఇస్తున్నారు. తాగి పో, అన్నా."

ఇన్నాళ్ళలో ఆమె ఆ పిలుపు పిలవలేదు. చివరి మాట చాలా చిన్నగా అంది. ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

"అట్నేమ్మా" అన్నాడు హెబ్రోను.