ఇంజన్ మీద రెండు పేర్లు

"ఏయ్ మిస్టర్! ఆ కారు మీంచి చెయ్యి తియ్యండి!"

రోవెనా అరుపుకి, నీలం ముస్టాంగ్ ముందు వంగి బానెట్ సందులోకి తొంగి చూస్తున్న కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు.

ఆగస్టు శనివారం. ఏటా జరిగే కార్ల ఊరేగింపు చూడ్డానికి డెట్రాయిట్ ఊరూ వాడా వుడ్‌వార్డ్ రోడ్డు మీదే ఉంది. జనం మడత కుర్చీలు వేసుక్కూర్చుని, వచ్చే పోయే కార్లకి చేతులూపుతున్నారు.

"సారీ అండీ, మీ కారని తెలీదు. ఒక్కసారి బానెట్ తెరుస్తారా? చూసి వెళ్ళిపోతాను."

"నా కారు కాదు."

"మరి నా మీద అరిచారెందుకు?"

"మీదీ కాదుగా!"

"మీ ఇద్దరి తగువూ తేలాక చెప్పండి. నా కారు నేను తీసుకుపోతాను," అన్నారెవరో వెనకనుంచి. తినడానికి చెరో చేతిలో చిల్లీ డాగ్ రొట్టె పట్టుకుని అసలు ఓనరు నిలబడి ఉన్నాడు. మంచి మనిషి. నవ్వుతూ బానెట్ తెరిచాడు.

కుర్రాడు ఇంజన్ మీద ఉన్న చిన్న రేకు కేసి చూశాడు. ఆ ఇంజన్ని బిగించిన ఇద్దరు పనివాళ్ళ సంతకాలు దాని మీద ఉన్నాయి. అవి చదవగానే అతని మొహం వాడిపోయింది.

"ఎవరి పేర్ల కోసం వెతుకుతున్నారు?" అంది రోవెనా, గొంతులో పోలీసు తగ్గించి.

"చెప్తాను. ముందు మీరెవరో చెప్పండి. కార్ల కాపలాదారా?"

"వేలం సంస్థలో పని చేస్తాను. ఇప్పటి కార్లలో ఏవి పాతికేళ్ళ తరవాత అపురూపమవుతాయో ఏటా లిస్టు రాస్తాను."

"ఓహో, జ్యోతిష్యం!"

"కాదు. కొన్నే తయారై ఉండాలి. చేత్తో గేరు వెయ్యాలి. అలాంటిది ఇక రాదని అందరికీ అర్థమై ఉండాలి. వైపర్‌లో చివరి మోడల్, డీమన్, చేతి గేర్ల బ్లాక్‌వింగ్..."

"మరి ఈ ముస్టాంగ్, షెల్బీ జీటీ త్రీ ఫిఫ్టీ?"

"పన్నెండో నంబరు."

"పన్నెండా!" అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నిమిషానికి ఎనిమిది వేల చుట్లు దాటి తిరుగుతుందండీ! అమెరికాలో మిగతా వీ ఎయిట్ ఇంజన్లన్నీ గుర్రుమంటాయి. ఇదొక్కటే పాడుతుంది. ఎప్పుడైనా విన్నారా?"

"ఫోటోల్లో చూశాను."

"ఫోటోల్లో కూత చూశారా!"

రోవెనాకి కోపం రావలసింది. నవ్వు వచ్చింది.

అతని పేరు లైల్ గ్రబౌస్కీ. ఆ ఇంజన్లు బిగించిన ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు పనిచేశాడు. ఒక్కో ఇంజన్‌కి ఇద్దరు. అతని జోడీ వాళ్ళమ్మ బెర్నడీన్.

"అమ్మకి ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదీ తగ్గుతోంది. శీతాకాలం దాటితే అదీ వినబడదన్నాడు డాక్టరు," అన్నాడు లైల్. "అమ్మ రిటైరయ్యే రోజున మేమిద్దరం కలిసి ఆఖరి ఇంజన్ బిగించాం. అది కారులో కూర్చుని అరుస్తుంటే ఒక్కసారి వినాలంటుంది. ఎవరు కొన్నారో తెలీదు. అందుకే ఇలా దొంగచూపులు."

రోవెనా తన కార్డు తీసి ఇచ్చింది. "మా ఆఫీసులో నాలుగు వందల షెల్బీల ఫోటోలున్నాయి, ఇంజన్లతో సహా. గురువారం సాయంత్రం రండి."

గురువారం వచ్చాడు. ఆ పై గురువారమూ వచ్చాడు. వస్తూ వాళ్ళ పేట హామ్‌ట్రామిక్‌లోని బేకరీ నుంచి గసగసాల రొట్టె తెచ్చేవాడు. ఫోటో తరవాత ఫోటో చూస్తూ, ఏ కారు ఎలా అరుస్తుందో నోటితో చేసి వినిపించేవాడు. కార్వెట్ జెడ్ జీరో సిక్స్ కూత కూసినప్పుడు కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"నా లిస్టులో దీనికెన్నో నంబరు ఇవ్వమంటావు?" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు.

"ముందు విను. తరవాత నంబరు వెయ్యి. బిగించిన చేతుల్ని కూడా లెక్కలో వేసుకో."

ఆరేళ్ళుగా కార్ల విలువ కడుతున్నా రోవెనాకి ఈ మాట తట్టలేదు. ఆ వారం లిస్టు మొత్తం తిరగరాసింది.

మూడో బుధవారం, బయట జోరుగా వాన పడుతుండగా, ఒక్కతే కూర్చుని ఫోటోలు తిరగేస్తుంటే ఆ రేకు కనబడింది. బెర్నడీన్ గ్రబౌస్కీ. లైల్ గ్రబౌస్కీ. కారు టొలీడోలో హోవర్డ్ క్లెమ్ అనే ఆయన దగ్గరుంది. తిరిగింది అరవై ఒక్క మైళ్ళు.

ఫోన్ అందుకుంది. నంబరు నొక్కబోయి ఆగింది. చెప్పేస్తే రేపటి గురువారంతో అంతా అయిపోతుంది కదా.

ఒక్క వారం, అనుకుంది. ఆ వారం రెండైంది, రెండు మూడయ్యాయి.

ఆ తరవాతి గురువారం లైల్ రొట్టె లేకుండా వచ్చాడు. "నిన్న ఫోన్ పక్కనే మోగుతున్నా అమ్మకి వినబడలేదు," అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

 రోవెనా సొరుగులోంచి ఫోటో తీసి అతని ముందు పెట్టింది.

"దొరికిందా! ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

అతను ఫోటో మీంచి తల ఎత్తాడు. "మూడు వారాలా? అమ్మకి రోజులు లెక్కపెట్టుకుంటున్నామని తెలిసీ?"

"నువ్వు రావడం మానేస్తావని..."

"రావడం మానేస్తానా? ఒక్క మాట అడిగి ఉంటే జీవితాంతం వచ్చేవాణ్ణి." ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి రోవెనా నిద్రపోలేదు. మర్నాడు సెలవు పెట్టి టొలీడో వెళ్ళింది. ఫోటో వెనక ఉన్న నంబరుకి లైల్ అప్పటికే ఫోన్ చేశాడట, క్లెమ్ కుదరదన్నాడట.

"అమ్మాయ్, ఆ కారుని నేను బయటికే తియ్యను," అన్నాడు క్లెమ్. షెల్బీ మీద కప్పిన మెత్తటి గుడ్డని పసిబిడ్డ దుప్పటిలా సర్దాడు. "మైలు పెరిగితే విలువ పడిపోతుంది. నీకు నేను చెప్పాలా?"

"నేను చెప్తాను వినండి. ఇలా దాచిన షెల్బీలు దేశంలో చాలా ఉన్నాయి. తల్లీ కొడుకూ కలిసి బిగించిన ఇంజన్, ఆ ఇద్దరూ దాని పక్కన నిలబడి ఉన్న ఫోటో, ఎవరి దగ్గరైనా ఉన్నాయా? నేను సంతకం పెట్టి రాసిస్తాను, దీని విలువ పెరుగుతుందని." చేతిలోని ఫైలు మూసేసింది. "సరే, విలువ సంగతి వదిలెయ్యండి. ఆవిడకి చెవులు పోతున్నాయి సార్. ఆలస్యం చేసింది నేను."

క్లెమ్ గుడ్డ ఒక మూల ఎత్తి, కారుని చూసి, మళ్ళీ కప్పాడు.

"ఆదివారం వాన లేకపోతేనే," అన్నాడు చివరికి.

ఆదివారం పొద్దున్న చినుకులు పడ్డాయి. రోవెనా కిటికీ దగ్గర నిలబడి మబ్బుల్ని బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. మధ్యాహ్నానికి రోడ్లు ఆరాయి.

హామ్‌ట్రామిక్‌లో గ్రబౌస్కీల ఇంటి ముందు ఎర్ర షెల్బీ ఆగింది. వెనకే రోవెనా తన కారు దిగి, కంచె దగ్గరే ఉండిపోయింది. లైల్ గుమ్మంలో కొయ్యబారిపోయాడు. అతని వెనకనుంచి సన్నగా, పొడుగ్గా, నెరిసిన జడతో బెర్నడీన్ వచ్చింది.

క్లెమ్ బానెట్ తెరిచాడు. ఆవిడ రేకు మీద తన పేరు వేలితో తడిమింది. మంచి చెవి ఇంజన్ వైపు తిప్పి, రెండు అరచేతులూ కారు మీద ఆనించింది.

"కానివ్వండి."

క్లెమ్ లోపల కూర్చుని స్టార్ట్ చేస్తే ఇంజన్ మొదట గొణిగింది. వేడెక్కాక యాక్సిలరేటర్ తొక్కాడు. గొణుగుడు గర్జనైంది, గర్జన సన్నబడి పాటైంది. ఎనిమిది వేల చుట్ల దగ్గర వీధిలో ఉన్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి. రోవెనాకి ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఫోటోల్లో ఇదెక్కడుంది!

బెర్నడీన్ కళ్ళు మూసుకుని ఉంది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"బాగా బిగించాం రా," అంది, ఇంజన్ ఆగాక.

లైల్ కంచె దగ్గరికి వచ్చాడు. "కుదరదన్న మనిషిని ఎలా తీసుకొచ్చావు?"

"నా తప్పు చెప్పుకున్నాను. కోపం పోయిందా?"

"ఇంకా ఉంది," అన్నాడు. ఆమె కేసి చూసి, గొంతు బాగా తగ్గించి ఏదో గొణిగాడు.

"ఏమంటున్నావురా? గట్టిగా చెప్పు, వినబడదు!" అరిచింది బెర్నడీన్.

లైల్ చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ ప్రతి కిటికీలోనూ మొహాలున్నాయి.

"ఈ అమ్మాయంటే నాకు ఇష్టమంటున్నాను!"



"అది నాకు ఎప్పుడో తెలుసులే," అంది బెర్నడీన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పిల్లకి వినబడిందో లేదోనని."