ప్లేటు మీద నీలం చీర

"ఇది మోసం! అన్నీ నల్లబొగ్గులే వచ్చినాయి!"

వంశీ అట్టపెట్టెను బల్ల మీద ఠపీమని పెట్టాడు. లోపల గాజు ఘల్లుమంది. బల్లకు అవతల పద్మావతి ఒక గాజు ముక్క అంచును రాయి మీద అరగదీస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"పెట్టె ఎక్కడ తెరిచినావు అన్నా?"

"ఎక్కడేంది? గిద్దలూరులో, నా స్టూడియోలో. పార్సిల్ వచ్చినాక సరుకు చూసుకోవద్దా?"

"ట్యూబ్‌లైట్ కిందనా?"

"మరి చీకట్లో తడుముకోవాల్నా?"

అప్పుడు తలెత్తింది. "వెలుతురులో తెరవొద్దని పెట్టె మీద ఎర్రగా రాసినా గదా."

"చదివినా. పగిలినాయేమోనని ఒక్క నిమిషం..."

"నిమిషమా! నువ్వు ఫొటోగ్రాఫర్‌వే గదా అన్నా? కెమెరాలో పెట్టకముందే ట్యూబ్‌లైట్‌ను ఫొటో తీసుకున్నావు. బాగా వచ్చింది. ఫ్రేమ్ కట్టించుకో."

వంశీకి ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. తప్పు తనదే కావడం ఒకటి. ఇంత చక్కని పిల్ల తనను అన్నా అనడం రెండోది. మా వైపు అన్నా, మామా, పిన్నమ్మా అనకుండా అంగట్లో ఉప్పు కూడా కొనలేం. ఆ సంగతి వంశీకీ తెలుసు. అయినా గుండె కలుక్కుమంది.

పద్మావతి వాళ్ళ నాయన నరసింహులు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపేవాడు. బడిపిల్లలు పలకలు మానేశాక ఆ రేకుల షెడ్డు ఖాళీ పడింది. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి ఇంట్లో ఉన్న పద్మావతి, షెడ్డు మూల ఒక గది కట్టించి ఎర్రబల్బు పెట్టింది. ఫిల్ము రాకముందు ఫొటోలు గాజు ప్లేట్ల మీదే తీసేవారు. జిలటిన్‌లో వెండి మందు కలిపి గాజు మీద పూత పోసి ఆరబెడితే, దాని మీద పడిన వెలుతురంతా బొమ్మగా నిలుస్తుంది. పాత చెక్క కెమెరాల పిచ్చి ఉన్నవాళ్ళు బెంగుళూరులో, పుణెలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డరు పెడతారు, ఈమె ప్లేట్లు చేసి పంపుతుంది. పూత గడ్డకట్టడానికి చల్లటి సమతలం కావాలి. దానికి నాయన దగ్గర మిగిలిన పలకరాతి బండ బాగా కుదిరింది. అది చూసి నరసింహులు ఊరంతా చెప్పుకున్నాడు.

కంభంలో మూతపడిన స్టూడియోలో చెక్క కెమెరా కొన్న కొత్త పిచ్చివాడు వంశీ. ఆ గొడవ తర్వాత అతను పార్సిల్ తెప్పించుకోవడం మానేసి తనే రావడం మొదలుపెట్టాడు.

"రైలెక్కి ఇంతదూరం ఎందుకన్నా? పార్సిల్ వేస్తా గదా."

"పగుల్తాయి."

"ఇంతవరకు ఒక్కటి పగిలిందా?"

"ముందు ముందు పగుల్తాయేమోనని."

పద్మావతి నవ్వాపుకుంది. పెట్టె కడుతున్న ఆమె వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి.

"వేళ్ళకు ఆ నలుపేంది?"

"వెండి మందు. ఎంత కడిగినా పోదు."

"బాగుంది. పెళ్ళికి గోరింటాకు ఖర్చు మిగిలింది."

"ఎవరి పెళ్ళికి?" అని అడిగింది సూటిగా చూస్తూ. వంశీ మంచినీళ్ళు కావాలన్నాడు.

శ్రావణంలో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. మా వైపు వాన పడితే పనులాపి వాకిట్లోకొచ్చి చూస్తాం. పద్మావతి మాత్రం తిట్టుకుంటోంది. గాలిలో తేమ ఉంటే ప్లేట్లు ఆరవు. ఆరకూడదనే వంశీ మొక్కుకుంటున్నాడు. ఆరితే తీసుకుని రైలెక్కాలి మరి.

"ఇయ్యాల ఆరేటట్టు లేవు. రేపు రా."

"చివర్లో ఏదో మర్చిపోయినావు."

"ఏంది?"

"అన్నా అనలేదు."

పద్మావతి కాసేపు వాన వైపు చూసింది. "మర్చిపోలేదు," అంది.

ఆ రాత్రి రైల్లో వంశీ తనలో తను నవ్వుకుంటుంటే ఎదురు సీటు ముసలాయన పక్కకు జరిగి కూర్చున్నాడు.

ఇద్దరిదీ ఒకే కులం. గోత్రాలు వేరు. జాతకాలు కలిశాయి. ఏ అడ్డూ లేని ప్రేమ ఇది, కథ రాసేవాళ్ళకు విసుగు పుట్టించే రకం. వంశీ అమ్మ వెంకటలక్ష్మమ్మ, గుండెకు స్టెంటు వేయించుకున్న భర్త యల్లయ్యను వెంటబెట్టుకుని కొమరోలు నుంచి పిల్లను చూడటానికి వచ్చింది. నల్లటి వేళ్ళను కూడా చూసి, "పనిచేసే చెయ్యి గదా, ఏమైతాది" అంది. ఆమె మంచి మనిషి, అది మొదటే చెప్పాలి. ఎర్రంచున్న లేత నీలం పట్టుచీర పిల్లకు పెట్టింది.

"ఈ చీరలో ఒక ఫొటో తీసి తీసుకరా నాయనా. మా అక్కచెల్లెళ్ళకు చూపించాల," అని కొడుక్కు చెప్పింది.

ఫోన్‌లో ఎవరైనా తీస్తారు, నీ ప్లేటు మీదే తీస్తానని పద్మావతితో అన్నాడు వంశీ.

"అయితే ఈ చీర వద్దు," అంది పద్మావతి. "నా ప్లేటు నీలాన్ని తెల్లగా చూపిస్తాది, ఎరుపును నల్లగా. పూత గుణమే అంత."

"తెలుసులే. అట్లయితేనే ఆర్ట్. అమ్మకు ముందే నేను చెప్తా."

"చెప్తావా?"

"నా మీద నమ్మకం లేదా?"

నమ్మింది. ఊపిరి బిగబట్టి, కదలకుండా, అతన్నే చూస్తూ కూర్చుంది. ఫొటో అద్భుతంగా వచ్చింది. వంశీ దాన్ని పెద్దగా ప్రింటు చేసి ఫ్రేము కట్టించాడు. ముందే చెబితే మజా ఏముందని, కొమరోలులో చుట్టాలందరి మధ్య ఫ్రేముకు చుట్టిన కాగితం విప్పాడు.

వెంకటలక్ష్మమ్మ ముఖం పాలిపోయింది.

"నేను పెట్టింది నీలం చీర గదరా. ఈ తెల్లచీరేంది? బొట్టు నల్లగా ఉందేంది?"

"అది ప్లేటు గుణం అమ్మా, నీలం..."

"పెళ్ళి కాకముందే విధవ వేషమా! నీకేమన్నా అయితే నేనేం కావాల?" అని కొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పిన్నమ్మలు ఫ్రేమును గోడ వైపుకు తిప్పేశారు.

వంశీ ఆ వాక్యం పూర్తి చేయలేదు. చేసి ఉంటే మనమంతా ఈపాటికి పెళ్ళి భోజనాలు చేసి చేతులు కడుక్కునేవాళ్ళం.

మర్నాడు మార్కాపురం వచ్చాడు.

"ఒక్క మాటతో అయిపోతాది పద్మా. ప్లేటు పాడైంది, పూత పొయ్యడంలో తప్పు నాదేనని అమ్మకు ఫోన్ చేసి చెప్పు."

"ప్లేటు పాడు కాలేదు."

"నాకు తెలుసు. అమ్మకు తెలీదు గదా."

"చెప్పినాక?"

"పెళ్ళయినాక ఈ పని మానమంటాదేమో. మెల్లగా నేను నచ్చచెప్తాలే."

"చీర సంగతి ముందే చెప్పినట్లా?"

పద్మావతికి కోపం వచ్చింది కానీ, అతని మీద ప్రేమ దానికన్నా పెద్దది. దారి వెతికింది.

"అబద్ధం ఎందుకు? నిజమే చూపిద్దాం. ఆ చీర మీ అమ్మకు కట్టించు. నేను ప్లేటు తెస్తా, నువ్వే తియ్యి. అదీ తెల్లగానే వస్తాది. మీ నాయన పక్కనే కూర్చోని నవ్వుతా ఉంటాడు. కళ్ళతో చూస్తే అత్తే నమ్ముతాది."

వంశీ చటుక్కున లేచాడు. "ఏం మాటలవి? మా అమ్మకు తెల్లచీరా? నాయన గుండె అసలే అంతంత మాత్రం!"

"అది నీలం చీర వంశీ."

"తెలుసు! తెలిసినా... ఎందుకు చెప్పు రిస్కు?"

"నన్ను కూర్చోబెట్టినప్పుడు రిస్కు గుర్తుకు రాలేదా?"

"అది వేరే..."

"నాకయితే ఆర్ట్. మీ అమ్మకయితే అపశకునం," అంది పద్మావతి. "ఆమె తెలీక భయపడింది. ఆమె మీద నాకు కోపం లేదు. నువ్వు అంతా తెలిసి భయపడినావు. పైగా తప్పు నాదని నన్నే చెప్పమంటావు."

"అంటే నా మీద ప్రేమ లేదా?"

"ఉంది. చాలా ఉంది. అందుకే కడుపు మండిపోతా ఉంది. అయినా నా పని తప్పని నా నోటితో చెప్పను."

అప్పటికీ ఆమె ఎదురుచూసింది. సరే, తీద్దాం పద అంటే చాలు, వెంటనే ప్లేట్ల పెట్టె తీసుకుని అతని వెంట కొమరోలు వెళ్ళేది. వంశీ ఫోన్‌లో టైమ్ చూసుకున్నాడు.

"రైలుకు టైమ్ అయింది," అన్నాడు.

నరసింహులు టీ గ్లాసులతో వచ్చేసరికి ఆమె ఒక్కతే ఉంది.

"అల్లుడేడమ్మా?"

"సంబంధం వద్దని వాళ్ళకు చెప్పు నాయనా."

"ఏమైంది తల్లీ? ఫొటో బాగ రాలేదా?"

"చాలా బాగొచ్చింది నాయనా," అని పద్మావతి ఎర్రబల్బు గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఆ గదికి గడియ పడితే లోపల పూత పని జరుగుతోందని ఇంట్లో లెక్క. తలుపు తీస్తే ప్లేట్లన్నీ పాడవుతాయని ఎవరూ తట్టరు, పలకరించరు. నరసింహులు టీ చల్లారిపోయేదాకా బయటే నిలబడి, కూతురు పనిలో పడిందిలే అని కొంచెం ఊరటపడి వెళ్ళిపోయాడు. ఆ రోజు పూత పోయడానికి లోపల ఒక్క గాజు కూడా లేదు.