గౌను రంగు

పొద్దున్నే ముత్యమ్మ బిడ్డకు జడ వేస్తోంది. ఆడబిడ్డ భాగ్య చద్దన్నం కలుపుతోందే గాని తినడం లేదు. జొన్న నడిమి లేతాకును ఎండబెట్టే మొవ్వు ఈగ మీద ఇంతకుముందు ఎవరేం పరిశోధించారో రాసి రేపు ఎమ్మెస్సీ కాలేజీలో సారుకివ్వాలి. నాలుగు రోజులుగా పోతిరెడ్డిపల్లి నెట్ సెంటరుకు పోయి ఉత్త చేతులతో వస్తోంది.

అత్త నర్సింహమ్మ చేట పక్కన పెట్టింది. "ఆ సెంటర్ల పోరగాండ్లతోని ముచ్చట్లు పెడ్తరంట గదా. సదువైతే ఒక్క కాయితమన్న రావొద్దా? ఇయ్యాల గూడ ఉత్తగ వస్తే ఇగ కాలేజి బంద్."

ఏడో తరగతిలో ముత్యమ్మ పుస్తకాలు అటకెక్కిన రోజు కూడా ఇలాగే తెల్లారింది.

"నేను తోడు పోత అత్తమ్మా. ముచ్చట్లో సదువో నా కండ్లతోని సూసొస్త."

నెట్ సెంటరు ఖయ్యూం మూల కంప్యూటరు చూపించాడు. భాగ్య ఇంగ్లీషులో బారెడు వాక్యం కొట్టింది. అదేమిటని ముత్యమ్మ అడిగితే తెలుగులో చెప్పింది. జొన్నకు పట్టే పురుగుల పూర్తి వివరాలు దయచేసి తెలుపగలరట, తహసీల్దారుకు దరఖాస్తు పెట్టినట్టు. తెర నిండా పురుగుమందుల ప్రకటనలే వచ్చాయి.

ముత్యమ్మ చేతిలో, పక్కన నిలబడ్డ బిడ్డ గౌను కొస ఉంది. పోయినేడు ఝరాసంగం జాతరలో పిల్ల తప్పిపోయిన నాటి నుంచీ ఆ కొస వదలదు. ఆ రోజు మైకు దగ్గర ఏడుస్తూ జరిగిందంతా మొదట్నుంచీ చెప్పబోతే, మైకాయన ఆపేశాడు. "కథ వద్దమ్మా, గౌను రంగు చెప్పు."

"దీనికి దండాలెందుకు భాగ్యా? ఆనవాళ్లు చెప్పు. ఆ ఈగకు పెద్ద పుస్తకాలల్ల ఏం పేరు?"

భాగ్య ఆ పేరు కొట్టింది. వందలకొద్దీ పరిశోధన పత్రాలు వచ్చాయి.

"ఇంకో ఆనవాలు గావాలె. మా నాయిన ఆలస్యంగ ఇత్తిన యాడాదే మొవ్వు ఎండేది."

భాగ్య ఆలస్యంగా విత్తడం అన్న మాట కూడా చేర్చింది. ఈసారి పదకొండే. రెండోది దగ్గర్లోని పటాన్‌చెరు పొలాల్లో చేసిన పరిశోధనే. ఖయ్యూం వాటిని కాగితాల మీద అచ్చు తీసిచ్చాడు.

ఇంటికొచ్చాక అక్షరం రాని నర్సింహమ్మ కాగితాలన్నీ తిరగేసింది. ఎండిన మొవ్వు బొమ్మ దగ్గర వేలు ఆగింది.

"గిది మన చేన్ల రోగమే గదనే. ఎవలు దొరకవట్టిన్రు?"

"వదినె" అంది భాగ్య.

నర్సింహమ్మ కాగితాలు కోడలి చేతిలో పెట్టింది. "పిల్లను నాకిచ్చి ఇద్దరు గూసోని రాసుకోన్రి. అన్నం నేనొండుత."

బిడ్డ నానమ్మ దగ్గరికి ఉరికింది. ముత్యమ్మ పిడికిలి విప్పి చూసుకుంది. గౌను కొస ఎప్పుడు వదిలేసిందో తనకే తెలియలేదు.