జ్వరానికి లొంగని రక్తం

తెల్లవారేసరికి బత్తిస్తీనా ఇంట్లో రొట్టెల పొయ్యి రాజుకుంది. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో గొర్రెల కాపరుల ఇంట రొట్టెలు కాల్చడమంటే ఒంటిచేత్తో అయ్యే పనా? ఒకరు ఒత్తాలి, ఒకరు పొయ్యి దగ్గర కూచోవాలి, పూరీలా పొంగిన రొట్టెను ఇంకొకరు వేడివేడిగానే రెండు పలకలుగా చీల్చాలి. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వచ్చారు. ఆడబిడ్డ మల్లేనా అందరికంటే ముందొచ్చి, పిండి వేలితో నొక్కి చూసి, పెదవి విరిచింది.

"పొయ్యి దగ్గర ఎవరు?"

"మా గొనారియా," అంది బత్తిస్తీనా, నలుగురికీ వినబడేలా.

గొనారియా తల్లి వైపు చూసింది. రెండేళ్ల కిందట ఆ పిల్లకి ఒక కన్ను మసకబారితే నూవొరో పట్నంలోని ఆసుపత్రిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే నరాల మీద పడే జబ్బు. వేడి తగిలితే చూపు మసకేస్తుంది, చేతులు పట్టు తప్పుతాయి. ఇదంతా తల్లికి తెలుసు. కానీ ఆ అమ్మాయి పొయ్యి దగ్గరికి ఎందుకు రాదని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. వాటిని ఈ పూటతో మూయించేయాలని ఆవిడ పంతం.

"నాలుగు రొట్టెలు తీసి లేచిపో, తల్లీ," అని చెవిలో బతిమాలింది.

"కూచుంటాను. మరి రేపు నువ్వు బడికొస్తావా?"

రేపు బడిలో డాక్టర్లు రక్తం తీసుకుంటారు. ఈ జబ్బు ఈ దీవిలో ఎందుకింత ఎక్కువో తేల్చడానికి. జబ్బున్న పిల్లదే కాదు, తల్లిదండ్రులదీ కావాలన్నారు. తండ్రి "మీ అమ్మ ఎలాగంటే అలాగే" అని గొర్రెల వెంట పోయాడు. తల్లి మాత్రం ససేమిరా అంటోంది. అక్కడికి వెళ్తే ఊరంతా తెలిసిపోతుంది కదా.

"ముందు పని కానీ," అంది బత్తిస్తీనా.

మొదటి రొట్టె బాగా పొంగింది. రెండోదీ బాగానే వచ్చింది. మూడోదానికి గొనారియా చేతిలో చెక్కపార వణికింది. రొట్టె బూడిదలో పడింది. తీయబోయి, కళ్లు కనబడక, పొయ్యి అంచుకి మణికట్టు ఆనించేసింది.

బత్తిస్తీనా పిండి చేతులతోనే పరుగెత్తి పిల్లని వెనక్కి లాగింది.

"నిద్ర చాల్లేదు దానికి," అంది అందరి వైపూ చూస్తూ. "రాత్రంతా..."

"నిద్ర కాదమ్మా." గొనారియా చేతిని నీళ్లలో ముంచి, నెమ్మదిగా చెప్పింది. "నాకు జబ్బుంది. స్క్లెరోసిస్. ఇంక దాచడం నా వల్ల కాదు."

పీటల మీద ఒత్తుతున్న కర్రలు ఆగిపోయాయి. మల్లేనా ముందుగా తేరుకుంది.

"మా వైపు అలాంటివి లేవు," అంది. "మా అన్న రక్తం అద్దం లాంటిది. ఇదెక్కడి నుంచొచ్చిందో మరి."

"అంటే మా పుట్టింటి నుంచా?" బత్తిస్తీనా ముఖం ఎర్రబడింది. "మా వాళ్లలో ఒక్కడు మంచాన పడ్డాడేమో చూపించు వదినా, ఈ ఇల్లొదిలి పోతాను."

"చూపించేదేముంది, కళ్లెదుట కనబడుతుంటే."

"నోళ్లు ముయ్యండి ఇద్దరూ."

మూలన కుర్చీలో ఉన్న అత్తగారు పాస్కా అన్న మాట అది. ఎనభై దాటిన మనిషి.

"మల్లేనా, మీ మేనమామ కాలీడ్చి నడిచేవాడు, గుర్తుందా?"

"గుర్రం మీంచి పడ్డాడు కదా."

"వాడు పుట్టి బుద్ధెరిగి గుర్రమెక్కితేగా. ఊరికలా చెప్పాం." ముసలావిడ ఊపిరి పీల్చుకుంది. "అప్పట్లో మలేరియా ఇంటికొకర్ని ఎత్తుకుపోయేది. మా అమ్మ కన్న పిల్లల్లో నేనూ వాడే మిగిలాం. జ్వరాన్ని గెలిచినవాణ్ని, కాలు పడిపోయిందని దాచిపెట్టాం. సిగ్గు పడక్కర్లేనిదానికి సిగ్గుపడ్డాం."

గొనారియా నానమ్మ పక్కకొచ్చి కూచుంది. "డాక్టర్లదీ అదే అనుమానం నానమ్మా. ఇంకా తేలలేదనుకో. ఆ జ్వరాన్ని తట్టుకున్న రక్తమే, జ్వరం పోయాక మన మీదే తిరగబడుతోందేమోనని. ఆ రక్తమొక్కటే చాలదట, అన్నయ్యదీ ఇదే రక్తం కదా, వాడు మేకపిల్లలా గెంతుతున్నాడు. చిన్నప్పుడొచ్చిన ఏ రోగమో, మనం తినేదో, పీల్చేదో, ఇంకేదో తోడవ్వాలట. అదేమిటో పట్టుకోవాలంటే ఇంటిల్లిపాది రక్తం కావాలి." అత్త వైపు చూసి నవ్వింది. "అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత వస్తుందట అత్తా. మీరిద్దరూ పంచుకోవచ్చు."

"తోడేళ్లు పోయాక కాపలాకుక్క ఊరికే ఉంటుందా," అంది పాస్కా. "ఒక్కోసారి మన గొర్రెనే కరుస్తుంది. అంతమాత్రాన అది చెడ్డ జాతిది కాదు. ఆ కుక్క ఉండబట్టే మనం ఉన్నాం."

బత్తిస్తీనా కూతురి మణికట్టు మీద ఎర్రటి చార చూస్తోంది. నలుగురి నోళ్లకు భయపడి, తెలిసి తెలిసి కన్నబిడ్డని నిప్పుల ముందు కూచోబెట్టింది. ఆ చార తన ఒంటి మీదే పడ్డట్టు మండింది. పిల్ల చేతిని ఒళ్లోకి తీసుకుని, అందరి ముందూ ఏడ్చేసింది. మల్లేనా పొయ్యి దగ్గరికెళ్లి పార అందుకుంది.

మర్నాడు బడి వరండాలో సగం ఊరు వరసకట్టింది. బల్ల దగ్గర నర్సు గొంతు తగ్గించి అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు..."

"మెల్లిగా ఎందుకమ్మా?" అంది బత్తిస్తీనా. ఆ గొంతు వరస చివరిదాకా వినబడింది. "నా కూతురు గొనారియాకి. మా అత్తగారి తమ్ముడికీ ఉండేదని మా అనుమానం. మలేరియాకే లొంగని రక్తం మాది. ఎంత కావాలో తీసుకో."

చొక్కా చెయ్యి పైకి మడిచి, కూతుర్ని పక్కనే నిలబెట్టుకుంది.

వెనక నుంచి మల్లేనా తోసుకుంటూ వచ్చింది, అప్పటికే మోచెయ్యి దాకా మడుచుకుని.

"ముందు నాది తియ్యండి," అంది నర్సుతో. "ఆ పిల్లకి మేనత్తని నేను."