తడి సున్నంలో పైడితల్లి గొంతు

“మనం గెలిచిన్నాడు ఈ సైరన్ని పీకి సముద్రంలో పారేద్దాం. ఆ తరవాత ఈ ఊళ్లో ఎవుల నోటికీ వేళలుండవు.”

ఈ మాట అన్నప్పుడు పైడితల్లికి పదిహేడేళ్లు. మేమింకా పుట్టలేదు. అయినా కెరటపురంలో పెరిగిన పిల్లలకు ఈ కథ అన్నం ముద్దలతో పాటు లోపలికి దిగింది. పాత పాలకుల రోజుల్లో సాయంత్రం సైరన్ మోగిందంటే తెల్లారేదాకా ఊరంతా నోరు మూసుకోవాలి. దాన్ని మౌనవేళ అనేవాళ్లు. స్తంభాలకు బిగించిన మైకులు గొంతును బట్టి మనిషిని పట్టేసేవి. అలాంటి ఒక వేళలో ఆ పిల్లే చేపల వేలం హాలు పైకెక్కి, కిరోసిన్ పోసే రేకు గరాటు నోటికి పెట్టుకుని అరిచింది. వీధులకు వీధులు డాబాలెక్కి బదులిచ్చాయి. అందరూ ఒక్కసారే మాట్లాడితే మైకు ఎవరినని పట్టుకుంటుంది? మా అమ్మలు ఈ ముక్క దగ్గరకొచ్చేసరికి చేతిలో పని ఆపేసేవాళ్లు. గొంతులు కలిస్తే కోటలు కూలతాయని మేము తర్వాత గోడల మీద రాసుకున్నది ఆ కథ వినే.

పైడితల్లి గెలిచింది. సైరన్ సముద్రంలో పడలేదు. దొంగల భయం ఉందన్నారు, తుఫాను హెచ్చరికలకు కావాలన్నారు. ఇప్పుడు మౌనవేళ మళ్లీ వచ్చింది, కాకపోతే పేరు ప్రశాంతవేళ. ఆ వేళలో డాబా మీద పాట పాడినందుకు సాగరిక అనే అమ్మాయిని లాకప్పులో వేశారు. సైరన్ పారేస్తామని పూర్వం మాటిచ్చారు కదా అని ఆమె లాయరు అడిగితే, అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదు, అది జనం అల్లుకున్న కథ అని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది.

ఆ మాట ఇచ్చింది ఎక్కడో మా ఊళ్లో అందరికీ తెలుసు. పోరాటం మొదలైన ఉదయం, వేలం హాలు గోడ మీద పాలకులు రాయించిన ఆజ్ఞలను సున్నంతో చెరిపేసి, ఆ గోడకు ఎదురుగా నిలబడి అన్నదది. అప్పటినుంచి ఏటా విజయదినాన అదే గోడకు సున్నం వేస్తారు. అది ఆరకముందే పైడితల్లి దాని ముందు నిలబడి మాట ఇవ్వాలి. ఇది మా ఆచారం.

ఆ గోడకు ఎదురుగానే ఒక సోమవారం శాస్త్రవేత్త డాక్టర్ తబిత తన యంత్రాన్ని నిలబెట్టింది. చేయించింది పైడితల్లే. విజయం రజతోత్సవంలో తన చిన్ననాటి గొంతు వినిపించాలని ఆమె ముచ్చట. ఇప్పుడామె నగరాధ్యక్షురాలు. జరీ అంచు చీరలో కుర్చీలో కూర్చుంది. పక్కన నిలబడ్డది నూకాలు. ఆనాడు సున్నం వేస్తున్న పైడితల్లికి నిచ్చెన పట్టుకున్న మనిషి. సాగరిక తల్లి.

“ఇదేటి తల్లీ, గోడకి ఎక్స్‌రే తీస్తావా?” అని అడిగింది నూకాలు.

తబిత నవ్వింది. “దాదాపు అంతేనమ్మా. సున్నం ఆరేటప్పుడు పైన పల్చటి మీగడ కడుతుంది. అప్పుడు ఎదురుగా ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆ అదురుకి మీగడ మీద ముడతలు పడతాయి. కంటికి కనిపించవు. లేజర్ వాటిని తడుముతుంది, కంప్యూటర్ మళ్లీ మాటగా మారుస్తుంది. ఏడాదికో పూత కదా, ఒక్కో పూతలో ఒక్కో ఏడాది. పైది నిరుటిది.”

స్పీకరు గరగరమంది. “ప్రియమైన పౌరులారా, క్రమశిక్షణే స్వేచ్ఛకు పునాది...”

“ఇది నిన్ననే విన్నట్టుంది,” అంది నూకాలు. పైడితల్లి పెదవి విరిచింది.

లేజర్ లోపలికి దిగింది. “సైరన్ ఇప్పుడు మన చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నదాన్ని చూసి భయపడకూడదు.” ఇంకా లోపలికి. “కొంచెం ఓపిక పట్టండర్రా, సైరన్ తీసేస్తాం. తుఫాన్లు పోనివ్వండి.” పూత పూతకీ పుస్తక భాష రాలిపోతోంది. గొంతు సన్నబడుతోంది. చిట్టచివర, ఆజ్ఞల రంగుని ఆనుకుని ఉన్న పూత దగ్గర, దగ్గు వినిపించింది. బకెట్ చప్పుడు.

“ఒలే నూకాలూ, నిచ్చెన గట్టిగా అట్టుకో. పడితే నీ మీదే పడతాను.”

నూకాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ వెనకాలే వచ్చింది మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఈ ఊళ్లో ఎవుల నోటికీ వేళలుండవు.

పైడితల్లి కళ్లు తుడుచుకుంది. “అప్పుడు సున్నం కంట్లో పడితే నువ్వు ఊదావు, గుర్తుందా? ఎంత బాగుండేది. డాక్టరుగారూ, మళ్లీ వేయండి.”

తబిత మళ్లీ వేసింది. పైడితల్లి మూడోసారీ అడిగింది.

“పైడీ, ఇన్నావు కదా. నా పిల్లని ఒగ్గీ,” అంది నూకాలు.

“ఊరు నడపడమంటే అంత తేలిక కాదు నూకాలూ. ఆ పిల్లకేం తెలుసు?”

“ఏ పిల్లకి? లాకప్పులో ఉన్న నా పిల్లకా, ఈ గోడలో ఉన్న పిల్లకా?”

పైడితల్లి కుర్చీలోంచి లేచింది. యంత్రాన్నీ, అందులోని గొంతునూ తన బంగళాకు తెప్పించుకుంది. రజతోత్సవంలో వినిపించే ఆలోచన మానుకుంది.

ఇప్పుడు సాయంత్రం సైరన్ మోగగానే ఆమె కిటికీ లోంచి ఆ గొంతు వస్తుంది. ఆ గాలికి ఉప్పు వాసనతో పాటు పచ్చి సున్నం వాసన కూడా ఉందని మా అమ్మలకు అనిపిస్తుంది. డాబాల మీద కూర్చుని, నోరు మెదపకుండా వింటారు. మైకులు కూడా వింటున్నాయి. ప్రశాంతవేళను ఉల్లంఘించిన నేరం కింద రోజూ ఒకే పేరు నమోదు చేస్తున్నాయి: పైడితల్లి, పదిహేడేళ్లు. పోలీసులు రోజూ ఆ పేరు కొట్టేస్తున్నారు. సాగరిక పేరు మాత్రం కొట్టేయలేదు.

పైడితల్లిగారూ, ఆ పిల్ల గొంతు మీకు జోలపాట అయింది. మాకది ఇచ్చిన మాట. పాలకులు మారితే చాలదు, పాలన మారాలి అని మాకు నేర్పింది మీరే. ఈసారి విజయదినాన వేలం హాలు గోడకు సున్నం మేమే వేస్తాం. నూకాలత్త నిచ్చెన పట్టుకుంటుంది. మీరు ఆచారం ప్రకారం వచ్చి ఎదురుగా నిలబడండి. సాగరికను ఎప్పుడు వదులుతారు? సైరన్ని ఎప్పుడు పారేస్తారు? మీరేం చెప్పినా ఆ పూతలో ఉండిపోతుంది. ఏమీ చెప్పకపోతే ఆ పూతలో మా అరుపులే ఉంటాయి.

సున్నం ఆరేలోపు జవాబు కావాలి. విజయదినం, ఫిబ్రవరి తొమ్మిది.