మాజీ చక్రవర్తి ముద్ర

"ఆగు యలమందా! కాలుస్తా!"

యలమంద ఆగడు.

మామిడితోట కాపలా మనిషి. అరవై ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అయినా పరుగులో ఎస్సై కీర్తిప్రియని ఓడించేస్తున్నాడు!

చంకలో గుడ్డసంచి. అందులో చైనా రాజుల కాలం నాటి కంచు ముద్ర...

దాని కోసమే ఈ పొద్దున గంగాధరం మాస్టారి తల పగిలింది. ప్రాణం పోయింది.

"కాల్చేయండి మేడమ్!" వెనక నుంచి రవిచంద్ర కేక.

తోట ఆయనదే. ముద్ర ఆయనదే. కంప్లైంటూ ఆయనదే. కారు ప్లేటు మీద నంబర్ కన్నా పెద్దగా ‘మాజీ ఎంపీటీసీ’ అని రాయించుకున్న మనిషి.

ధబ్!

యలమంద మాయం!

కుళ్లిన కాయలు పారబోసే గుంత! నడుం లోతు. ఈగలు... చాట్రాయి మండలం జనాభాకి రెట్టింపు. ఓటుహక్కు ఇస్తే ఎంపీటీసీ సీటు వాటిదే.

కంపు! కీర్తిప్రియ మధ్యాహ్నం తిన్న పెరుగన్నం గొంతు దాకా వచ్చింది.

పిస్టల్ గురిపెడుతుంది. "చేతులు పైకి!"

"నేను చంపలేదమ్మా!" మూతి మీద పురుగు దులుపుకుంటూ ఏడుస్తాడు యలమంద. "మాస్టారు పోతాపోతా ఇది నా చేతిలో పెట్టారు. పోలీసోళ్లకే ఇవ్వమన్నారు!"

"మరి నన్ను చూసి పరిగెత్తావేం?"

"మీరు దిగింది ఆయన కార్లోంచి కదమ్మా!"

కీర్తిప్రియ వేలు ట్రిగ్గర్ మీదే ఆగిపోతుంది.

"వీడి మాటలు వినకండి!" రవిచంద్ర తుపుక్కున ఉమ్ముతాడు. "జైల్లోనే చావాలి వెధవ!"

ఆమె సంచి అందుకుంటుంది. ముద్రకి చుట్టిన కాగితం. మాస్టారి చేతిరాత. హిస్టరీ చెప్పి రిటైరైన మనిషి. చైనా చరిత్రంటే పిచ్చి.

‘చైనా ముక్కలై పదహారు రాజ్యాలయింది. నూట ముప్పై అయిదేళ్లు కొట్టుకు చచ్చారు. పేర్లకి కరువొచ్చినట్టు ఝావో అని రెండు రాజ్యాలు! మొదటిదాన్ని ‘పూర్వ ఝావో’ అన్నది తర్వాతి చరిత్రకారులు. ఈ ముద్ర మీద ‘పూర్వ’ అని చెక్కి ఉంది. నకిలీ! అసలైనదని సర్టిఫికెట్ ఇవ్వను రవిచంద్రా.’

కీర్తిప్రియ తల ఎత్తుతుంది.

"పూర్వ అంటే మాజీయేగా సార్?"

"అంతేగా."

"సింహాసనం మీదున్నోడు ‘మాజీ’ అని చెక్కించుకుంటాడా? ఎవడో బుర్రలేనోడి పని!"

రవిచంద్ర మొహం జేవురిస్తుంది.

"మాజీ అంటే ఎంత రెస్పెక్టో మీకేం తెలుసు మేడమ్! ఆ మాట పడాల్సిందేనని నేనే దగ్గరుండి చెక్కిం..."

నాలుక కరుచుకుంటాడు.

ఈగలు కూడా వింటున్నాయి.

కీర్తిప్రియ పిస్టల్ రవిచంద్ర వైపు తిరుగుతుంది.

రవిచంద్ర చెయ్యి నడుం దగ్గరికి... రివాల్వర్!

ధన్! ముందు పేలింది ఆమె పిస్టలే.

భుజం పట్టుకుని గుంతలోకి దొర్లాడు రవిచంద్ర. సరిగ్గా యలమంద పక్కనే.

"అమ్మా... నన్ను పైకి లాగండి!" యలమంద ముక్కు మూసుకున్నాడు. "ఇందాకే నయం. ఇప్పుడు కంపు భరించలేకపోతున్నా!"

రవిచంద్ర మూలుగుతున్నాడు. "నే... నేనెవరో తెలుసా?"

తెరిచిన నోట్లోకి ఈగ దూరింది.

కీర్తిప్రియ బేడీలు తీసింది.

"తెలుసు సార్. మాజీ."